డైలీ లెన్సా, మంత్లీ లెన్సా: రాత్రి పదకొండింటికి మీ చేతులు ఎలా ఉంటాయన్నదే అసలు ప్రశ్న

కాంటాక్ట్ లెన్స్‌ల గురించి మీరు రాసింది క్లుప్తంగా ఇదీ. వయసు ఇరవై ఆరు, గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఉండేది పీజీ హాస్టల్లో. కుడి కన్ను మైనస్ 4.75, ఎడమ కన్ను మైనస్ 4.25, ఎడమకి మైనస్ 0.50 సిలిండర్ (నల్లగుడ్డు వంపు అన్నివైపులా ఒకేలా లేనప్పుడు ఇచ్చే పవర్). నాలుగు నెలల్లో పెళ్ళి. అమీర్‌పేటలో కళ్ళద్దాల షాపతను మంత్లీ (నెల రోజులు వాడేవి) తీసుకోండి, డబ్బు కలిసొస్తుంది అన్నాడు. ఆఫీసు స్నేహితురాలు డైలీ (ఒక్క రోజు వాడి పారేసేవి) తప్ప ఇంకేదీ ముట్టుకోవద్దంది. వారానికి మూడు నాలుగు రోజులు పెట్టుకుంటారు. కంటికి ఏది మంచిది, డైలీని రెండు రోజులు వాడితే ఏమవుతుంది అని అడిగారు.

నేను ఆప్టోమెట్రిస్ట్‌ని, అంటే చూపు పరీక్షించి అద్దాలు, లెన్స్‌లు ఇచ్చే మనిషిని. విజయవాడలో ఇరవై ఏళ్ళు దాటింది లెన్స్‌లు పెట్టడం, తీయడం నేర్పుతూ. ముందే జవాబు చెప్పేస్తాను, తర్వాత తీరిగ్గా చదువుకోండి: మీరు డైలీ తీసుకోండి. ఇదే పవర్‌తో ఇంకొకరు వచ్చి అడిగితే మంత్లీ అని చెప్పే అవకాశం కూడా ఉంది. మీ విషయంలో డైలీ అనడానికి కారణం మీ కంట్లో లేదు, మీ హాస్టల్ బాత్‌రూమ్‌లోనూ మీ పని వేళల్లోనూ ఉంది.

మంత్లీ కొన్నామంటే ఒక్క లెన్స్ కొని ఊరుకున్నట్టు కాదమ్మా. లెన్స్, దాన్ని నానబెట్టే సొల్యూషన్, నానబెట్టే డబ్బీ, వీటిని ప్రతి రాత్రీ తప్పకుండా శుభ్రంగా నడిపే ఓపిక, ఈ నాలుగూ కలిసి ఒక మంత్లీ లెన్స్. డైలీలో మొదటిది తప్ప మిగతా మూడూ ఉండవు. పొద్దున ప్యాకెట్ చింపి పెట్టుకుంటాం, రాత్రి తీసి చెత్తబుట్టలో వేస్తాం. నేను ఇన్నేళ్ళలో చూసిన ఇబ్బందుల్లో లెన్స్ తయారీలో లోపం వల్ల వచ్చినవి చాలా తక్కువ. ఎక్కువ భాగం డబ్బీలోంచి, నీళ్ళలోంచి, నిద్రలోంచి వచ్చినవే.

మంత్లీ వాడే మనిషి రాత్రి ఏం చేయాలో ఒకసారి వరసగా చెప్తాను, మీకు మీరే ఊహించుకోండి. ఆఫీసు నుంచి వచ్చాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి. చేతుల తడిని నూలు రాలని శుభ్రమైన గుడ్డతో పూర్తిగా తుడుచుకోవాలి, తడి చేతులతో లెన్స్ ముట్టుకోకూడదు. డబ్బీలో నిన్నటి సొల్యూషన్ మొత్తం పారబోసి కొత్తది పోయాలి. నిన్నటిది సగం ఉంది కదా అని దానిమీదే కాస్త కలిపితే మందు బలం పోతుంది, క్రిములు బతికి ఉంటాయి. లెన్స్ తీసి అరచేతిలో పెట్టి, రెండు చుక్కలు సొల్యూషన్ వేసి, వేలితో మెల్లగా రుద్దాలి. సీసా మీద రుద్దక్కర్లేదని రాసి ఉన్నా రుద్దమనే నేను చెప్తాను, ఎందుకంటే మాంసకృత్తుల పొర, కొవ్వు, అంటుకున్న క్రిములు రుద్దితేనే వదులుతాయి. తర్వాత అదే సొల్యూషన్‌తో కడిగి, డబ్బీలో పూర్తిగా మునిగేలా వేయాలి. పొద్దున లెన్స్ పెట్టుకున్నాక డబ్బీని సొల్యూషన్‌తోనే కడిగి, టిష్యూ మీద బోర్లించి, మూతలు తీసి ఆరబెట్టాలి. డబ్బీ నెలకోసారి మార్చడం మంచిది, మూడు నెలలు దాటి మాత్రం అసలు వాడొద్దు. సొల్యూషన్ సీసా మూత తెరిచిన రోజు దానిమీద పెన్నుతో రాసుకోవాలి. చాలా సొల్యూషన్లు తెరిచాక మూడు నెలలే, కొన్ని ఇంకా తక్కువ, సీసా మీద ఉంటుంది చూడండి.

ఇదంతా చేసేవాళ్ళు లేరా అంటే ఉన్నారు, బాగా చేసేవాళ్ళున్నారు. కానీ రాత్రి రెండింటికి అమెరికా కాల్ ముగించుకుని, లైట్ వేస్తే రూమ్మేట్ లేస్తుందేమోనని చీకట్లోనే మంచం ఎక్కే అమ్మాయి ఇది నెలకి ముప్పై రాత్రులు చేయగలదా? డబ్బీ ఎక్కడ పెడతారు? నలుగురు వాడే బాత్‌రూమ్ అద్దం కింద పలక మీద. అక్కడ తేమ, పక్కనే టూత్‌బ్రష్‌లు, పైన షవర్ జల్లు. ఒకసారి సొల్యూషన్ అయిపోతుంది, మెడికల్ షాపు మూసేసి ఉంటుంది, "ఈ ఒక్క రాత్రికి ఫిల్టర్ నీళ్ళు పోస్తే ఏమవుతుందిలే" అనిపిస్తుంది. ఆ ఒక్క రాత్రి గురించే నా భయం.

నీళ్ళ సంగతి ఇక్కడ కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మనవాళ్ళకి ఇది ఎవరూ చెప్పరు. అకాంతమీబా అని ఒక సూక్ష్మజీవి ఉంది. కుళాయి నీళ్ళలో, బావుల్లో, చెరువుల్లో, ఈత కొలనుల్లో, మట్టిలో, అన్నిచోట్లా ఉంటుంది. తాగితే మనకేం కాదు. అదే లెన్స్‌కి అంటుకుని నల్లగుడ్డు మీదికి చేరి, అక్కడ చిన్న గీత దొరికితే లోపలికి దిగుతుంది. దానికి ఎదురుదాడి అనిపించినప్పుడు చుట్టూ గట్టి పెంకు కట్టుకుని దాక్కుంటుంది, అందుకే మందులు గంటగంటకీ మొదలుపెట్టి నెలల తరబడి వేయాలి, కొందరికి ఏడాది దాకా. నొప్పి మామూలుగా ఉండదు. మన దేశంలో ఈ జబ్బుతో వచ్చేవాళ్ళలో ఎక్కువమంది లెన్స్ వాడనివాళ్ళే. పొలంలో దెబ్బ తగిలి, కంట్లో మురికినీళ్ళు పడి వస్తారు. అంటే మన నీళ్ళలో, మన మట్టిలో అది దండిగా ఉందనే కదా అర్థం. బ్రిటన్‌లో ఈ జబ్బు లెన్స్ వాడేవాళ్ళలో ఎక్కువగా కనబడటానికి చెప్పే కారణాల్లో ఒకటి ఇళ్ళ పైకప్పుల్లో ఉండే నీళ్ళ ట్యాంకులు. మన అపార్ట్‌మెంట్ల మీద, హాస్టళ్ళ మీద ఉన్నవి ఏమిటి మరి? బోరు నీళ్ళు, ట్యాంకర్ నీళ్ళు ఎక్కి, ఎప్పుడు కడిగారో తెలియని ట్యాంకులే.

లండన్‌లోని మూర్‌ఫీల్డ్స్ కంటి ఆసుపత్రి వాళ్ళు ఈ జబ్బు వచ్చిన లెన్స్ వాడకందార్లని, రానివాళ్ళని పోల్చి చూసి 2022లో ఫలితాలు ప్రచురించారు. మళ్ళీ మళ్ళీ వాడే లెన్స్‌ల వాళ్ళకి ఈ జబ్బు వచ్చే అవకాశం డైలీ వాళ్ళకంటే దాదాపు నాలుగు రెట్లు ఎక్కువని తేలింది. లెన్స్‌తో షవర్ కింద స్నానం చేయడం, లెన్స్‌తో నిద్రపోవడం కూడా ప్రమాదాన్ని పెంచాయి. నేను మంత్లీ నుంచి మెల్లగా డైలీ వైపు జరగడానికి ఇలాంటి లెక్కలు ఒక కారణం, నా దగ్గరికి వచ్చిన కళ్ళు ఇంకో కారణం.

అయితే మీ స్నేహితురాలు అనుకుంటున్నట్టు డైలీ పెట్టుకుంటే ఇన్ఫెక్షన్ రానే రాదు అనుకోకండి. ఆస్ట్రేలియాలో దేశం మొత్తం మీద ఒక ఏడాదిలో వచ్చిన కేసులు లెక్కేసి 2008లో ప్రచురించారు. క్రిముల వల్ల నల్లగుడ్డు మీద పుండు పడటం, మళ్ళీ మళ్ళీ వాడే సాఫ్ట్ లెన్స్‌ని పగలు మాత్రమే పెట్టుకునేవాళ్ళలో ఏటా పదివేల మందికి సుమారు ఇద్దరికి. డైలీ వాళ్ళలోనూ సుమారు ఇద్దరికే! తేడా ఎక్కడ వచ్చిందంటే, డైలీ వాళ్ళకి వచ్చినవి అంత తీవ్రంగా ముదరలేదు, చూపు పోయిన సందర్భాలు తక్కువ. మరి లెన్స్‌తోనే పడుకునేవాళ్ళలో? పదివేలకి ఇరవై చుట్టుపక్కల. పది రెట్లు. డైలీనా మంత్లీనా అని మీరు పడుతున్న తర్జనభర్జన కంటే, రాత్రి తీశారా లేదా అన్నది ఎన్నో రెట్లు పెద్ద విషయం. డైలీ కొనుక్కుని క్యాబ్‌లో నిద్రపోయే మనిషి కంటే, మంత్లీ వాడుతూ రోజూ రాత్రి తీసి శుభ్రం చేసే మనిషి కన్ను ఎంతో భద్రం.

నిద్ర గురించి అందరూ అడిగే మాట ఒకటుంది, "పగలు అరగంట కునుకు తీసినా తప్పేనా?" అని. మన నల్లగుడ్డు పైన అద్దంలా ఉండే పొరే కార్నియా. దానికి రక్తనాళాలు ఉండవు. ఊపిరి కోసం అది గాలి మీదే ఆధారపడుతుంది, కన్నీటిలో కరిగిన ఆక్సిజన్‌ని తీసుకుంటుంది. కళ్ళు మూస్తే ఆ సరఫరా మామూలుగానే తగ్గుతుంది. మధ్యలో లెన్స్ కూడా ఉంటే ఇంకా తగ్గుతుంది. పైగా రెప్ప ఆడదు కాబట్టి లెన్స్ కింద కన్నీరు మారదు, క్రిములు అక్కడే తిష్ట వేస్తాయి. అందుకే తప్పే. హైదరాబాద్ నుంచి ఊరికి రాత్రి బస్సు ఎక్కేటప్పుడు, గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో బెర్తు వేసుకునేటప్పుడు లెన్స్ ముందే తీసేసి కళ్ళద్దాలు పెట్టుకోండి. ఈ పని డైలీతో ఎంత తేలికో చూడండి. శానిటైజర్ చేతులతో మాత్రం తీయకండి, భగ్గుమంటుంది. స్టేషన్‌కి బయల్దేరే ముందు ఇంట్లోనే తీసేస్తే సరి.

ఆక్సిజన్ మాట వచ్చింది కాబట్టి ఇంకో చిక్కు విప్పుతాను. షాపుల్లో "ఆక్సిజన్ ఎక్కువ వెళ్ళేది" అని ఒక రకాన్ని, "చవకది" అని ఒక రకాన్ని చూపిస్తారు. అది డైలీ, మంత్లీ తేడా కాదు, పదార్థం తేడా. పాత పదార్థం హైడ్రోజెల్, నీటి ద్వారా ఆక్సిజన్ పంపుతుంది. 1990ల చివర్లో వచ్చిన సిలికాన్ హైడ్రోజెల్ దానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ పంపుతుంది. రెండు పదార్థాల్లోనూ డైలీలు ఉన్నాయి, మంత్లీలూ ఉన్నాయి. సాఫ్‌లెన్స్ 59 హైడ్రోజెల్ మంత్లీ, ఎయిర్ ఆప్టిక్స్, బయోఫినిటీ సిలికాన్ హైడ్రోజెల్ మంత్లీలు. వన్ డే అక్యూవ్యూ మాయిస్ట్ హైడ్రోజెల్ డైలీ, డైలీస్ టోటల్ వన్ సిలికాన్ హైడ్రోజెల్ డైలీ. రోజుకి పన్నెండు పద్నాలుగు గంటలు, వారమంతా పెట్టుకునేవాళ్ళకీ, మైనస్ పవర్ ఎక్కువగా ఉండి లెన్స్ అంచు మందంగా వచ్చేవాళ్ళకీ సిలికాన్ హైడ్రోజెల్ ఇవ్వడం నా పద్ధతి. మీరు వారానికి మూడు నాలుగు రోజులు, పది గంటల లోపు అయితే మంచి హైడ్రోజెల్ డైలీ సరిపోతుంది. ఆక్సిజన్ బాగా వెళ్తే కన్ను ఎర్రబడటం తగ్గుతుంది గానీ ఇన్ఫెక్షన్ తగ్గుతుందని అనుకోవద్దు, ఆ ఆస్ట్రేలియా లెక్కల్లోనే ఆ ఆశ తీరలేదు.

ఇక మీ రెండో ప్రశ్న, డైలీని రెండు రోజులు వాడటం. దయచేసి ఆ పని చేయకండి. ఈ ప్రశ్నకి నా దగ్గర మెత్తటి జవాబు లేదు. డైలీని పల్చగా, ఒక్క రోజుకి సరిపోయేలా చేస్తారు, రుద్దితే అంచు చిరుగుతుంది. సొల్యూషన్‌లో నానితే దాని ఆకారం, ఆ మందుని అది ఎంత పీల్చుకుని కంట్లో వదులుతుందన్నది ఎవరూ పరీక్షించి అమ్మట్లేదు. ఇంకా ఘోరమైనది, తీసిన లెన్స్‌ని అది వచ్చిన ప్యాకెట్‌లోనే, ఆ నీళ్ళలోనే మళ్ళీ వేసి ఉంచడం. ఆ నీళ్ళు ఉప్పునీళ్ళు. క్రిముల్ని చంపే గుణం వాటికి లేదు. ప్యాకెట్ మూత ఉన్నంతసేపే శుభ్రం. కొన్నేళ్ళ క్రితం ఇంజినీరింగ్ చదివే అబ్బాయి ఒకడు ఇలాగే డైలీని వారం రోజులు వాడేవాడు, మెడికల్ షాపులో సెలైన్ సీసా కొనుక్కుని అందులో నానబెట్టి. కన్ను ఎర్రబడితే కళ్ళకలక అనుకుని షాపతను ఇచ్చిన చుక్కలు నాలుగు రోజులు వేశాడు. అందులో స్టిరాయిడ్ ఉంది, ఇన్ఫెక్షన్‌ని ముదరబెట్టేది అదే. నా దగ్గరికి వచ్చేసరికి నల్లగుడ్డు మధ్యలో తెల్లగా పుండు. వెంటనే కార్నియా డాక్టరు దగ్గరికి పంపాను. పుండు మానింది. కానీ అక్కడ పువ్వు (తెల్లమచ్చ) పడిపోయింది, ఆ కంటితో పెద్ద అక్షరాలు మాత్రమే కనబడతాయి. వాళ్ళమ్మ నాతో అన్న మాట ఇప్పటికీ గుర్తే: "రోజుకో జత కొనిచ్చేదాన్ని కదా మేడమ్, వీడు చెప్పలేదు". రెండు రోజులకి ఒక జతే కొనగలిగితే మంత్లీ కొనుక్కుని పద్ధతిగా వాడండి, అది ఎంతో నయం.

డబ్బు సంగతికి వస్తాను. ధరలు కంపెనీని బట్టి, సీజన్ ఆఫర్లని బట్టి మారుతుంటాయి కాబట్టి లెక్క అర్థం కావడానికి ఊహాత్మకంగా కొన్ని అంకెలు వేసుకుందాం. షాపులో మీకు చెప్పిన ధరలు పెట్టి మళ్ళీ వేసుకోండి. రెండు కళ్ళకి డైలీ ఒక రోజుకి 110 రూపాయలు అనుకుందాం. మంత్లీ జత 700, ఆ నెల సొల్యూషన్, డబ్బీ వాటా కలిపి 300, మొత్తం వెయ్యి. వారానికి నాలుగు రోజులు అంటే నెలకి సుమారు పదిహేడు రోజులు, డైలీకి 1,870 అవుతుంది. మంత్లీ కంటే 870 ఎక్కువ. వారానికి రెండు రోజులే అయితే తొమ్మిది రోజులకి 990, రెండూ దాదాపు సమానం. అంతకంటే తక్కువ వాడితే డైలీయే చవక. ఇక్కడ షాపతను చెప్పని విషయం ఏమిటంటే, మంత్లీ అంటే ముప్పై సార్లు పెట్టుకోవడం కాదు. ప్యాకెట్ తెరిచిన రోజు నుంచి నెల. మధ్యలో ఇరవై రోజులు పెట్టుకోకపోయినా ముప్పయ్యో రోజు పారేయాల్సిందే. "నేను వారానికోసారే పెట్టుకుంటాను, ఏడు నెలలు వస్తుంది" అని సంతోషంగా చెప్పినవాళ్ళు నాకు చాలామంది తగిలారు. ఇంకోటి, డైలీ పెట్టెలో ముప్పై లెన్స్‌లు అంటే ముప్పై రోజులు కాదు, రెండు కళ్ళకి పదిహేను రోజులు. పైగా మీ రెండు కళ్ళ పవర్ వేరు కాబట్టి రెండు పెట్టెలు కొనాలి. ఇది తెలియక నెలకి ఒక పెట్టె చాలనుకుని లెక్కలు వేసుకుంటారు.

ఆ 870 రూపాయలు మీ జీతానికి భారం కాదని నా అనుకోలు. భారమైతే మొహమాటపడకుండా నాకు రాయండి, అప్పుడు పెట్టుకునే రోజులు తగ్గించుకుని డైలీలోనే ఎలా సర్దుకోవాలో చూద్దాం.

మరి మంత్లీ ఎవరికి? ఆరేడు రోజులూ, పొద్దున్నుంచి రాత్రి దాకా పెట్టుకునేవాళ్ళకి. సిలిండర్ ఎక్కువగా ఉన్నవాళ్ళకి, ఎందుకంటే టోరిక్ (సిలిండర్ పవర్ ఉన్న) డైలీల్లో అన్ని పవర్లు, అన్ని యాక్సిస్‌లు (సిలిండర్ ఏ కోణంలో ఉందో చెప్పే అంకెలు) దొరకవు, మంత్లీల్లో ఎంపిక విస్తారం. మైనస్ పది, పన్నెండు దాటినవాళ్ళకీ అంతే. అన్నిటికంటే ముఖ్యంగా, చేతిలో పద్ధతి ఉన్నవాళ్ళకి. నా దగ్గర ఒక టీచరమ్మ ఉన్నారు, పదకొండేళ్ళుగా మంత్లీ. అమావాస్య రాత్రి పాత జత, డబ్బీ రెండూ పారేస్తారు, పాడ్యమి పొద్దున కొత్తవి తెరుస్తారు. చాంద్రమాసం ఇరవై తొమ్మిదిన్నర రోజులు, లెక్క అతికినట్టు సరిపోయింది. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా కన్ను ఎర్రబడి రాలేదు. ఆవిడకి డైలీకి మారమని నేనెప్పుడూ చెప్పలేదు, చెప్పను కూడా. మంత్లీ వాడుతూ సొల్యూషన్ పడక కళ్ళు మండేవాళ్ళకి హైడ్రోజన్ పెరాక్సైడ్ పద్ధతి ఉంది, శుభ్రం చేయడంలో అది చాలా గట్టిది. దాని డబ్బీలో ఉండే ప్లాటినం పూత బిళ్ళ ఆరు గంటల్లో పెరాక్సైడ్‌ని నీరు, ఆక్సిజన్‌గా మారుస్తుంది. ఆ ఆరు గంటలు ఆగకుండా తొందరపడి పెట్టుకుంటే మాత్రం కన్ను కాలినట్టవుతుంది. అందుకని రూమ్మేట్లు ఒకరి సీసా ఒకరు వాడే చోట దాన్ని ఇవ్వను.

మీకు తుమ్ములు, కళ్ళ దురద లాంటి ఎలర్జీ ఉంటే అది కూడా డైలీ వైపే తూగుతుంది. మంత్లీ మీద రోజురోజుకీ పేరుకునే పొర పై రెప్ప లోపలివైపు రాసుకుని, కొందరికి అక్కడ చిన్న చిన్న బుడిపెలు లేస్తాయి. దురద, జిగట పుసి, లెన్స్ పైకి జారిపోవడం, ఇవి దాని గుర్తులు. రోజూ కొత్త లెన్స్ అయితే ఆ పొరకి పేరుకునే సమయమే ఉండదు. ఏసీలో స్క్రీన్ ముందు కూర్చుంటే రెప్పలు ఆడించడం మరిచిపోతాం, ఏ లెన్స్ అయినా సాయంత్రానికి పొడిబారుతుంది. లెన్స్ మీద వేసుకోదగ్గ చుక్కల మందు ఏదో అడిగి తీసుకోండి, ఇంట్లో ఉన్న ఏదో ఒకటి వేయకండి.

కొనే ముందు ఒక్క మెట్టు మాత్రం వదిలేయకూడదు. కళ్ళద్దాల చీటీ తీసుకెళ్ళి లెన్స్ కొనకండి, ఆన్‌లైన్‌లో అసలు కొనకండి, మొదటిసారైతే. కళ్ళద్దం కంటికి దూరంగా ఉంటుంది, లెన్స్ కంటి మీదే ఉంటుంది, అందుకని పవర్ నాలుగు దాటాక రెండూ ఒకటి కావు. మీ మైనస్ 4.75 లెన్స్‌లో మైనస్ 4.50 దగ్గరికి వస్తుంది. ఎడమ కంటి 0.50 సిలిండర్‌ని విడిగా టోరిక్ లేకుండా మామూలు మైనస్ 4.50లో కలిపేసి, దాన్ని మళ్ళీ దూరం లెక్కతో మైనస్ 4.25కి తెస్తాం. చాలామందికి చూపు హాయిగానే ఉంటుంది, పెట్టి చూస్తేనే తేలుతుంది. లెన్స్ వంపు మీ నల్లగుడ్డు వంపుకి కుదిరిందా, రెప్ప ఆడించినప్పుడు సరిగ్గా కదులుతోందా అని స్లిట్ ల్యాంప్ (కంటిని పెద్దదిగా చూపించే దీపపు సూక్ష్మదర్శిని) కింద చూడాలి. ట్రయల్ జత పెట్టి రెండు మూడు గంటలు తిరిగి రమ్మనే చోటికి వెళ్ళండి. పెట్టడం, తీయడం మీ చేతులతో మీరు చేసి చూపించేదాకా పెట్టె చేతికి ఇవ్వని వాళ్ళయితే ఇంకా మంచిది.

ఇంటి విషయాలు కొన్ని గబగబా చెప్పేస్తాను. మిరపకాయలు తుంచిన రోజు, ఆవకాయ కలిపిన రోజు లెన్స్ వద్దు, సబ్బుతో మూడుసార్లు కడిగినా వేళ్ళకి కారం వదలదు. లెన్స్ పెట్టుకున్నాకే కాటుక, ఐలైనర్. తీసేటప్పుడు ముందు లెన్స్, తర్వాతే మేకప్. తలకి నూనె రాసుకున్న చేత్తో ముట్టుకోవద్దు. స్నానం, ఈత, నది మునక, వీటిలో దేనికీ లెన్స్ వద్దు. 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి, అప్పుడూ ఇదే మాట. స్టవ్ వేడికి లెన్స్ కరిగిపోతుందని, కంటి వెనక్కి వెళ్ళిపోతుందని పెద్దవాళ్ళు భయపెడితే అవి నిజం కావని చెప్పండి. కనురెప్ప లోపలి పొర మడతపడి గుడ్డుకే అతుక్కుని ఉంటుంది, వెనక్కి దారే లేదు. వాడేసిన లెన్స్ సింకులో, టాయిలెట్లో వేయకండి, చెత్తబుట్టలోనే వేయండి.

ఎప్పుడైనా కన్ను ఎర్రబడి, నొప్పి, నీళ్ళు, వెలుతురు చూడలేకపోవడం, మసక, వీటిలో ఏదున్నా లెన్స్ వెంటనే తీసేయండి. పారేయకండి. లెన్స్‌నీ, మంత్లీ అయితే డబ్బీనీ ఒక కవర్లో వేసుకుని అదే రోజు కంటి ఆసుపత్రికి వెళ్ళండి, అవసరమైతే వాటిలోంచి ఏ క్రిమో పరీక్షించి తెలుసుకుంటారు. హైదరాబాద్‌లో ఎల్వీ ప్రసాద్ ఉంది, మెహదీపట్నంలో ప్రభుత్వ సరోజినీదేవి ఆసుపత్రి ఉంది. మెడికల్ షాపు చుక్కలు, ఆముదం, చనుబాలు, ఏవీ వద్దు. నేను లెన్స్ వాడుతున్నాను అని డాక్టరుకి అడగకముందే చెప్పండి.

ఇక పెళ్ళి. నాలుగు నెలలుంది కాబట్టి ఈ నెలలోనే ట్రయల్ పూర్తి చేసుకుని వారానికి రెండు మూడు రోజులతో మొదలుపెట్టండి, మొదటి రోజు నాలుగు గంటలు, తర్వాత రోజుకో గంట పెంచుకుంటూ. పెళ్ళి వారంలో కొత్తగా ఏ కంపెనీ లెన్సూ ప్రయత్నించకండి. మేకప్ చేసే అమ్మాయి తన పెట్టెలోంచి రంగు లెన్స్‌లు తీసి పెడతానంటే వద్దని ముందే గట్టిగా చెప్పేయండి. ఎవరి కంట్లోనో ఉన్న లెన్స్ అది. రంగు లెన్స్ కావాలంటే మీ పవర్‌లో, మీ కంటికి సరిచూసి, సీలు ఉన్నది మీరే తెచ్చుకోండి. మంగళస్నానం అయ్యాక, చేతులకి నలుగు పూర్తిగా పోయాక, మేకప్‌కి ముందు లెన్స్ పెట్టుకోండి. ముహూర్తం తెల్లవారుజామున అయితే ముందు రాత్రి కాసేపు పడుకునేటప్పుడు తీసేసి, లేచాక కొత్త జత తెరవండి. ఆ వెసులుబాటు డైలీలోనే ఉంది, మీకు డైలీ అనడానికి అదీ ఒక కారణం. హోమం పొగకి కళ్ళు మండొచ్చు, తలంబ్రాల్లో పసుపు బియ్యం కంట్లో పడొచ్చు, అప్పగింతల్లో ఏడుస్తారు. ఏడిస్తే లెన్స్ జారిపోదు, భయపడకండి. కానీ ఏదైనా గుచ్చుకుంటే రుద్దకుండా తీసేయాలి. మీ పక్కన కూర్చునే చెల్లెలో స్నేహితురాలో ఎవరో ఒకరి సంచిలో రెండు జతల లెన్స్‌లు, చిన్న అద్దం, మీ కళ్ళద్దాలు ఉంచండి. ఏ పెట్టె కుడి కంటిదో ఏది ఎడమదో స్కెచ్ పెన్నుతో పెద్దగా రాసి ఇవ్వండి.